వలకో కుప్ప

మావాళ్ళూ సముద్రం మీద బతికినవాళ్ళే. కాని నాన్న పలాసలో జీడిపిక్కల బట్టీలో పనికి కుదరడంతో నేను ఒడ్డెరగకుండా పెరిగాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ చెప్పి పంపినా, ఉద్దానంలో అత్తవారింటికి వచ్చిన కొత్తల్లోనే నా నోరు ఊరుకోలేదు. ఇసుక మీద చేపలు కుప్పలు పోసి పంచుతున్నారు. మనుషులకు తలా ఒక కుప్ప, సరే. పడవకో కుప్ప, వలకో కుప్ప ఏమిటి? వల మా ఆయన అల్లినదే, ఆ కుప్ప మా ఇంటికే వస్తుందని తెలిసీ ఆగలేదు.

"పడవకీ వలకీ పెట్టినారు. మరి సముద్రానికేదీ?" అన్నాను.

అందరూ నవ్వారు. మామయ్య మాత్రం నవ్వలేదు. "ఆయమ్మ వాటా ఆయమ్మే తీసుకుంటాదిలే," అన్నాడు.

కొన్నేళ్ళకు మా ఆయన కాళ్ళు పొంగాయి. టెక్కలిలో చూపిస్తే కిడ్నీలన్నారు. మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్న జబ్బే. నీళ్ళ వల్ల అని ఒకరు, మట్టి వల్ల అని ఒకరు. ఎవరిని తిట్టాలో తెలియక దేవుణ్ణీ నూతినీ కలిపి తిట్టాను. ఆయన వేట మానేశాడు. వల మాత్రం మిగతావాళ్ళతో వెళ్ళేది. దాని కుప్పతోనే మా పొయ్యి వెలిగేది. పడవ వచ్చే వేళకు ఆయన మంచం మీంచి లేచి కూర్చునేవాడు. చేపల సంగతి కాదు, వల ఎక్కడైనా చిరిగిందా అని అడిగేవాడు. చిరిగితే బాగుచేసే పని దొరికిందని ఆ పూట హుషారు. నాకు ఒళ్ళు మండేది.

ఒకనాడు గాలి తిరిగింది. వల నీళ్ళ అడుగున రాతిని పట్టుకుని రానంది. పడవ ఒరిగిపోతుంటే వలను కోసేసి మనుషులు బయటపడ్డారు. ఆ మాట నేనే ఆయనకు చెప్పాను. మాకున్న ఆధారం అదొక్కటే.

ఆయన, "నువ్వే కదా అడిగినావు, సముద్రానికేదీ అని," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

వేరేవాళ్ళ వలతో మళ్ళీ వేట మొదలైంది. వెళ్ళకూడదనుకుంటూనే ఒడ్డుకు వెళ్ళాను. ఆరోజు వలకని రెండు కుప్పలు పోశారు. ఒకటి నా బుట్టలోకి ఎత్తారు. మాకు వల లేదు కదా అన్నాను.

"మా పేణాలకి బదులు అది పోనాది. దాని కుప్ప దానిదే," అన్నాడు పడవ యజమాని.

ఇంటికి వస్తే ఆయన బుట్ట చూసి ఎవరి వాటా అని అడిగాడు. వలదే అన్నాను. కాసేపు ఆ చేపలనే చూసి, నైలాన్ దారం తెమ్మన్నాడు.