పది నిమిషాల పందెం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆఫీసులో ఇరవై మందికీ తెలుసు. నా నోటి ఫలితం మాత్రం అనుభవించింది నేను కాదు, మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, నా తోడికోడలు. మా బావగారి భార్య.

ఆఫీసులో ఆమెను వెనకాల వడగళ్ళు అనేవారు. ఆమె టైపు చేస్తుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టే ఉండేది. డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటల్ని హెడ్‌ఫోన్లలో వింటూ టైపు చేయడం మా పని. నిమిషానికి అరవై మాటలు ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. ఇరవై రెండేళ్ళ సర్వీసు. బావగారి నడుం పడిపోయి మంచం పట్టాక ఇల్లు నడిచింది ఆ పది వేళ్ళ మీదే. "మా చెల్లెలు సార్, రెండు నెలల్లో నేనే నేర్పేస్తాను" అని మేనేజరును బతిమాలి నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది కూడా ఆమే.

నాకు ఆ విశ్వాసం ఉండాలి కదా. ఉంటే ఈ కథే లేదు. పొద్దున లేచింది మొదలు మా అత్తగారు "పెద్దదాన్ని చూసి నేర్చుకోవే" అంటుంటే ఎన్నాళ్ళని వింటాను? ఇంట్లోనూ ఆమే గొప్ప, ఆఫీసులోనూ ఆమే గొప్ప. కడుపు మండేది.

పాత కీబోర్డులు అరిగిపోయాయని మేనేజరు ఒకరోజు మూడు రకాలు తెప్పించి బల్ల మీద పెట్టాడు. ఒకటి మెత్తది, వేలు ఆనిస్తే అక్షరం పడుతుంది. రెండోది ఒక మోస్తరు. మూడోది గట్టిది, కీని అడుగుదాకా నొక్కితేగాని అక్షరం పడదు. అదే చవక, పదేళ్ళయినా చెక్కు చెదరదట.

"ఒక్కోదాని మీద పది నిమిషాలు కొట్టి చూడండి. ఏది బాగుందో మీరే చెప్పండి" అన్నాడు.

మూడోది ముట్టుకున్న వాళ్ళందరూ మొహం చిట్లించారు. అక్క కూడా రెండు లైన్లు కొట్టి చిటికెన వేలు విదిలించుకుంది. "ఇది పనికిరాదు సార్" అంది. ఆమె మాటంటే మాటే కాబట్టి వ్యవహారం అక్కడితో తెమిలిపోవాల్సింది. నేను ఊరుకుంటేగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అక్కా. మాకంటే చేతకాదు, నీకూ అంతేనా?"

అందరూ నవ్వారు. మేనేజరూ నవ్వాడు. అక్క నవ్వలేదు. చేతి గడియారం విప్పి పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, మళ్ళీ ఆ గట్టిదాని ముందే కూర్చుంది. పది నిమిషాలు తల ఎత్తలేదు. మెడ నరాలు ఉబ్బాయి. నిమిషానికి అరవై రెండు మాటలు, మొత్తం మీద మూడే తప్పులు. మేనేజరు ఆ కాగితం ప్రింటు తీసి ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. "ఆ వయసులో ఆవిడ కొట్టినప్పుడు మీకేం వచ్చింది రోగం?" అని ఇరవై మందికీ గట్టివే ఆర్డరు పెట్టాడు.

పౌరుషానికి పది నిమిషాలు ఎవరైనా కొడతారు. ఎనిమిది గంటలు కొట్టాలి మేము. రోజుకు లక్షసార్లు వేలు కిందికి దిగాలి, పైకి లేవాలి. ఆ లెక్క పది నిమిషాల కాగితంలో కనపడదు.

రెండు నెలలు తిరక్కుండానే అక్క చిటికెన వేలి కింద అక్షరాలు పడటం మానేశాయి. నొక్కాననుకుంటుంది, కీ సగంలోనే ఆగిపోతుంది. వెనక్కి వెళ్ళి దిద్దాలి, మళ్ళీ ముందుకు రావాలి. అరవై కాస్తా యాభై అయింది, యాభై నలభై రెండయింది. ఉంగరం వేలు ముడుచుకుపోతే రెండో చేత్తో లాగి విప్పుకునేది. సొంత కీబోర్డు తెచ్చుకుంటానని అడిగితే బయటి వస్తువులు తగిలించడం రూల్సు ఒప్పుకోవన్నారు. ఇంట్లో ఆమె చేతిలోంచి గ్లాసులు జారేవి. "పెద్దదానికి ఈమధ్య పని మీద ధ్యాస లేదు" అంది అత్తగారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట మొదటిసారి విన్న రోజు నాకు హాయిగా ఉంది.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. నా మణికట్టూ సలపడం మొదలైంది.

ఇంతలో నోటీసు వచ్చింది. నెల సరాసరి నిమిషానికి యాభై మాటల కంటే తగ్గినవాళ్ళు మానుకోవాలి. అక్క నా దగ్గరికి వచ్చింది. "నువ్వూ రా, చెబుదాం. నీ చెయ్యీ నొప్పెడుతోందిగా. ఇద్దరం చెబితే వింటాడు" అంది.

మేనేజరు అంతా విన్నాడు. సొరుగు లాగి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ సంతకం మీదేగా?"

"నాదే సార్. అది పది నిమిషాల సంగతి."

"కీబోర్డు అదేనమ్మా. అప్పుడు అరవై రెండు, ఇప్పుడు నలభై రెండు. మారింది కీబోర్డు కాదుగా. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా? ఆ మాట ఆ రోజు మీ చెల్లెలే అంది." నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకేమైనా ఇబ్బందిగా ఉందా?"

ఆ నెల నాది యాభై ఒకటి. ఉందంటే నా పేరూ ఆ జాబితాలోకి ఎక్కుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ మూతపడని నోరు ఇది. అక్కర్లేని చోట వంద మాటలన్న నోరు. కుడిచేతిని వెనక్కి పెట్టుకున్నాను.

"లేదు సార్" అన్నాను.

అక్క నా మొహం చూడలేదు. వెనక్కి పెట్టుకున్న నా చేతినే చూసింది. తర్వాత బయటికి నడిచింది.

ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంటోంది. ఇల్లు నా వేళ్ళ మీద నడుస్తోంది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిడితే నా పాపం కొంత కరిగేదేమో. ఈమధ్య నేను ఒంటిచేత్తో కట్టు కట్టుకోలేక అవస్థ పడుతుంటే చూసి, తనే గుడ్డపేలిక చించి పట్టుకొచ్చింది. వంకర తిరిగిన వేళ్ళతో, పళ్ళతో ఒక కొస పట్టి లాగి, నా మణికట్టుకు బిగించింది. పైనుంచి నా పొడుగు చేతుల జాకెట్టు కిందికి లాగి కప్పింది.

"కనపడకుండా కట్టానులే. ఎవరైనా అడిగితే లేదు సార్ అను. నీకు తెలిసిన మాటేగా" అంది.