గుట్ట దిగే మంచం

మా గుట్ట మీద ఒక మనిషి బతికున్నాడా పోయాడా అని తెలుసుకోవడానికి దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. మంచం మోసుకొస్తున్న తీరు చూస్తే చాలు. తల ముందుంటే ప్రాణం ఉన్నట్టు. కాళ్ళు ముందుంటే పీనుగ. ఈ పద్ధతి ఏ తాత పెట్టాడో గానీ, ఆయన్ని తిట్టుకోని రోజు నాకు లేదు.

నేను భైంసా పిల్లను. నల్లరేగడి, పత్తి చేలు, ఎటు చూసినా చదును నేల. పెళ్ళయ్యాక బోథ్ అవతల ఈ గుట్ట మీదికి వచ్చిపడ్డాను. కొన్ని పెంకుటిళ్ళు, జొన్న చేలు, కంది చేలు, ఎండాకాలం వస్తే గాలి తప్ప నీళ్ళు రాని ఒక బోరింగు. అదీ మా ఊరు. రోడ్డు వాగు అవతలే ఆగిపోతుంది. అక్కడి నుంచి బండల దారిలో నడకే. ఉప్పు బస్తా, యూరియా బస్తా, గ్యాస్ బండ, అన్నీ మనుషుల భుజాల మీదే పైకెక్కుతాయి. మొదటిసారి ఎక్కినప్పుడు సగం దారిలో కూలబడి, నన్నిక్కడ ఇచ్చిన మా బాపును నోటికొచ్చినట్టు తిట్టాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ కోపాన్ని నవ్వుతూ భరించిన మనిషి ఒక్కతే, మా యారాలు. మా బావ భార్య. బావ దుబాయిలో పని చేసేవాడు. మా గుట్ట మీద ఇళ్ళలో ఫోను పలకదు, అంచున ఉన్న పెద్ద బండ ఎక్కితేనే పలుకుతుంది. శుక్రవారం వస్తే చాలు, ఆమె తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఆ బండ మీదికి బయల్దేరేది.

"ఏందక్కా, బండ మీదికా, దుబాయికా?" అని ఉడికించేదాన్ని.

"నీకేం బై, నీ మొగడు ఇంట్లనే ఉండె. జర కూర మాడకుంట చూడు" అనేది.

ఆమెకు దమ్ము జబ్బు. ముసురు పట్టిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకుంటే ఊపిరాడదు. మా అత్త గోడకు జొన్నల బస్తా ఆనించి పెడితే, దానికి వీపు ఆన్చి కూర్చునే నిద్రపోయేది. "నా కోడలు కూసుండి నిద్రపోతది, నేను పండుకోని మేలుకుంట" అని అత్త ఊరంతా చెప్పుకునేది. నోట్లో కొట్టుకునే పంపు ఎప్పుడూ యారాలి కొంగు ముడిలోనే ఉండేది.

ఇక ఆ మంచం సంగతి. నా కాన్పుకు నన్నూ దాని మీదే దించారు, తల ముందు పెట్టి. దిగుడులో తల ముందుంటే ఏమవుతుంది? తల కిందికి, కాళ్ళు పైకి. ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. పైన చెట్లు వెనక్కి వెనక్కి పోతుంటే కళ్ళు తిరిగాయి. "నేనేమన్న మేకనారా, గిట్ల తలకిందులు మోస్తున్నరు!" అని దారి పొడవునా అరిచాను. మా యారాలు పక్కన నడుస్తూ, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నొప్పులు నొప్పులే, తిట్లు తిట్లే. నేను బతికాను గనుక అది నవ్వుకునే కథ అయింది.

ఆ శ్రావణంలో ముసురు వదల్లేదు. కట్టెలు తడిసి ఇల్లంతా పొగ. ఒక పొద్దున పంపు ఎన్నిసార్లు కొట్టుకున్నా ఆమెకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. మాట రెండు ముక్కలై వచ్చేది. నా భర్త బండ మీదికి ఉరికి అంబులెన్సుకు ఫోను చేశాడు. వాగు అవతలి దాకా వస్తామన్నారు. ఆపైన దారే లేదు, వాళ్ళు మాత్రం ఎట్లా వస్తారు? మామ మంచం బయటికి తీశాడు. ఆడపిల్లలు లేని మామకు ఆమే కూతురు. ముందు కోడు తనే భుజానికెత్తుకున్నాడు. మిగిలినవి నా భర్త, ఇంకో ఇద్దరు పాలివాళ్ళు అందుకున్నారు. అత్త మోకాళ్ళ నొప్పులతో దిగలేక, "పొయ్యి మీద నీళ్ళు కాగవెడ్త, జల్ది తీస్కరాండ్రి" అని గడపలో నిలబడింది. నేను గొడుగు పట్టుకుని పక్కన నడిచాను.

మొదటి దిగుడు రాగానే ఆమె తల వంగింది. ముందువాళ్ళు భుజం మీదికెత్తి, వెనకవాళ్ళు చేతులు కిందికి దించి మంచం చదునుగా ఉంచాలని చూశారు. బండలు జారుతుంటే అది ఎంతసేపు కుదురుతుంది?

"మామా... దమ్ము... ఆడ్తలేదు" అంది.

"మంచం తిప్పుండ్రి మామా" అన్నాను. "కాళ్ళు ముందువెడితె తలకాయి మీదికుంటది."

"నోరు ముయ్యి! ఏం మాటలు మాట్లాడ్తున్నవ్?" అని మామ గర్జించాడు. ఎప్పుడూ నన్ను అట్లా అనని మనిషి.

సగం గుట్టలో కొంచెం చదును ఉంది. అక్కడ దించారు. నేను మంచం మీద ఆమె వెనక కూర్చుని నా వీపు ఆనించాను. కూర్చోగానే ఊపిరి కాస్త నెమ్మదించింది. చెయ్యి వెనక్కి పెట్టి నా వేళ్ళు పట్టుకుంది. నేను దిగాక ఆమెను అట్లాగే కూర్చోబెట్టి మోద్దామని ఎత్తారు. నాలుగు అడుగులు వేయకముందే వెనక ఒకతని కాలు జారింది, మంచం ఒరిగింది, ఆమె లోయవైపు పడబోయింది. మామ ఒంటిచేత్తో పట్టుకుని ఆపాడు. చలిగాలిలోనూ ఆయన మొహానికి చెమటలు పట్టాయి. మళ్ళీ పడుకోబెట్టారు.

ఈసారి ఆమే అడిగింది. "కాళ్ళు ముందువెట్టుండ్రి మామా. నాకేం... కాదు."

మామ ఆమె తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "వద్దు బిడ్డా. గట్ల సచ్చినోళ్ళను తీస్కపోతరు. పానమున్న బిడ్డను నేనెట్ల గట్ల తీస్కపోత? జర ఓర్సుకో. ఫికర్ చెయ్యకు, వాగు వచ్చింది సూడు." అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అది మొండితనం కాదని నాకు తెలుసు. ప్రేమే. మనిషిని ప్రేమ కూడా ఇంత పాడు చేస్తుందా అని ఇప్పటికీ నాకు మంటగానే ఉంటుంది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. వాగులో మోకాళ్ళ లోతు నీళ్ళు దాటి అవతలి ఒడ్డున మంచం దించేసరికి ఆమె కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అంబులెన్సు వచ్చి ఉంది. వాళ్ళు ఉరికొచ్చి ఛాతీ నొక్కారు, మూతికి ఆక్సిజన్ పెట్టారు, చాలాసేపు చూశారు. చివరికి తల అడ్డంగా ఊపారు. తల దిగువకు ఉండబట్టే పోయిందని నేను చెప్పలేను. దమ్ము అంత ముదిరిందేమో, ఎట్లా తెచ్చినా దక్కేది కాదేమో. కానీ ఆమె అడిగింది. ఊపిరాడకుండానే అడిగింది.

మామ ఏడవలేదు. ఆమె పాదాల దగ్గర కూర్చుని, ఆ పాదాలకంటిన బురద పంచెతో తుడుస్తూ ఉండిపోయాడు.

వాన తెరిపిచ్చాక మళ్ళీ గుట్ట ఎక్కాలి. పాలివాళ్ళు అలవాటుగా కాళ్ళు ముందుకు వచ్చేట్టు మంచం తిప్పబోయారు.

"ఆగుండ్రి" అన్నాడు మామ. "తలకాయి ముందు వెట్టుండ్రి."

"పీనుగను గట్ల ఎవలన్న తీస్కపోతరా? ఊరికి మంచిది కాదు" అన్నాడు ఒకతను.

"ఊరుకు ఏమన్న కానీయ్. దిగంగ అడిగింది, నేను వినలే. ఎక్కంగనన్న నా బిడ్డ తలకాయి మీదికుండనీయ్."

తల ముందు పెట్టి ఎత్తారు. ఎక్కుడులో ఆమె తల పైకి లేచింది. పొద్దున ఆమెకు కావలసింది అదే. నేను వెనక నడుస్తూ గట్టిగా ఏడ్చాను.

చివరి మలుపు తిరిగితే మా ఇల్లు కనిపిస్తుంది. ఇంటికి మేమూ కనిపిస్తాం. కింద ఏం జరిగిందో పైవాళ్ళకు చెప్పే ఫోను లేదు. గడపలో నిలబడ్డ అత్త చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని మంచం వైపు చూసింది. తల ముందుంది.

"బతికింది! నా కోడలు బతికొస్తుంది!" అని ఊరంతా వినబడేట్టు అరిచింది. మోకాళ్ళ నొప్పులు మరిచి లోపలికి ఉరికింది. మేము వాకిట్లోకి వచ్చేసరికి గోడ పక్కన చాప పరిచి ఉంది. జొన్నల బస్తా గోడకు ఆనించి ఉంది. వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని అత్త ఎదురొచ్చింది.

"పండవెట్టకుండ్రి, జర కూసోవెట్టుండ్రి. పండుకుంటె దానికి దమ్మాడదు" అంది.

మామ మంచం దించలేదు. కోడు భుజం మీదే పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.