రిజర్వు మీద నడిచిన కారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బాప్టిస్టు చర్చిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ కోపంలోనే ఒక ఆదివారం మా బావతో పందెం కాశాను. పందెంలో పెట్టింది నా కారునే.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు, నా సొంత జీతంతో, విశాఖపట్నంలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చూడ్డానికి మామూలు పెట్రోలు కారే. అమ్మినాయన మోజుపడి దానికి సూపర్‌ఛార్జర్ పెట్టించాడు. ఇంజను తిప్పే బెల్టుతోనే తిరుగుతూ, గాలిని బలవంతంగా ఇంజన్లోకి తోసే పరికరం అది. దాని బెల్టు తిరిగే పుల్లీ చక్రం తీసి చిన్నది వేసి ఆ గాలిని ఇంకాస్త పెంచాడు. అంతకు మించి పెద్ద మార్పులేమీ లేవు. గట్టిగా తొక్కితే సన్నగా ఈల వేసేది. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల దగ్గర మా కాలేజీకి రోజూ ఆ ఈలతోనే వెళ్ళేదాన్ని. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే నలభై ఏళ్ల ఆడమనిషి దాటేసి పోతుంటే లారీ డ్రైవర్ల మొహాలు చూడాలి. నా జీవితంలో నేను అంత గర్వపడ్డ సందర్భాలు రెండో మూడో ఉంటాయి.

బావంటే మా అక్క మొగుడు. ఆమదాలవలసలో చేపల వ్యాపారం, సొంత వ్యాను. మనిషి తాటిచెట్టంత పొడుగు, నోరు అంతకన్నా పొడుగు. అక్క ఆసుపత్రిలో నర్సు. మరదల్ని ఏడిపించడం బావ హక్కు, తిరిగి ఏడిపించడం నా హక్కు. వాళ్ళ పెళ్ళయిన నాటి నుంచి ఇద్దరం ఆ హక్కుల్ని ఏనాడూ వదులుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ మా ఇంట్లో భోంచేసేవాళ్ళు. చెయ్యి కడుక్కోగానే బావ తాళం అడిగేవాడు.

"ఒసే మరదలా, కారు ఓ గంట ఇయ్యి. మీ అక్కని అలగ తిప్పుకొస్తాను."

"వ్యాను ఉంది కదా బావా."

"దాన్లో ఎక్కితే సీరంతా రొయ్యల వాసనొస్తాదంటాది. ఏటి సెయ్యమంటావు?"

అక్క పక్కనే నిలబడి నవ్వుతుంటే కాదనలేను. ఇచ్చేదాన్ని. తిరిగొచ్చిన కారు చూస్తే ఒళ్ళు మండేది. పెట్రోలు ఉండేది కాదు. పైగా డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపేసి ఉండేది. అంత పొడుగు మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నడపలేడు కదా. నన్ను ఏడిపించడానికే దిగేముందు జరిపి పోతున్నాడనుకున్నాను.

అందుకని ఒక ఉపాయం పన్నాను. ట్యాంకుని ఎప్పుడూ రిజర్వు మీదే ఉంచడం మొదలుపెట్టాను. కాలేజీకి పోయి రావడానికి ఎంత కావాలో అంతే పోయించేదాన్ని. ముల్లు కాస్త పైకి లేస్తే నాకు గుబులు. బావ తీసుకుపోయినా రెండు చుట్లు తిరిగి వచ్చేయాల్సిందే. ఆ మొండిమనిషి కూడా నిండా పోయిస్తే నాకు లాభమని లీటరుకి మించి పోయించేవాడు కాదు. నా తెలివికి నేనే తెగ మురిసిపోయాను.

అలా ఏడాది పైన గడిచాక కారుకి జబ్బు చేసింది. మెల్లగా పోతే బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కిస్తూ గట్టిగా తొక్కితే దగ్గుతుంది. ఒక ఆదివారం పాస్టరుగారిని ఎక్కించుకుని ఆమదాలవలస వెళ్తుంటే వంతెన మధ్యలో దగ్గీ దగ్గీ ఆగిపోయింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అదే సమయానికి వెనక నుంచి చేపల వ్యాను వచ్చి ఆగింది.

"ఏటే, విమానం దిగిపోనాదేటి?" అంటూ బావ కిటికీలో తలపెట్టాడు. "నీకెందుకే ఇది. నాకిచ్చీ. ఆ ఈల పీకించీసి బుద్ధిగ నడుపుకుంటాను."

ఈల పీకించేస్తాడట. నాకు తిక్కరేగింది. "నెల రోజుల్లో బాగుచేయించి అరకు ఘాటు ఎక్కిస్తాను. ఒక్క దగ్గు దగ్గినా కారు నీదే. దగ్గకపోతే ఈ జన్మలో నువ్వు నా కారు తాళం అడగకూడదు" అన్నాను.

"పాస్టరుగారే సాచ్చికం" అన్నాడు బావ.

పాస్టరుగారు కళ్ళు తెరిచి ఆమేన్ అన్నారు. ఆయన అన్నది తన ప్రార్థనకే. బావ మాత్రం దాన్ని పందెం ఖాతాలో వేసుకున్నాడు.

జబ్బేమిటో నాకు తెలుసు. గాలి ఎక్కువ తోస్తే పెట్రోలు కూడా దానికి తగ్గట్టు అందాలి. అందించేది ట్యాంకులో మునిగి ఉండే చిన్న పంపు. అది చాలడం లేదు, ఇంకా బలమైనది వేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే నా కారుకి సరిపోయేవి మూడు తేలాయి. చిన్నది, నడిమిది, పెద్దది. బావ ఫోను చేసి మరీ సలహా చెప్పాడు. "పెద్దదే కొను. పంపయినా సేపయినా పెద్దదానికే గిరాకీ." నిజానికి నా మనసూ పెద్దదాని మీదే ఉంది. గంటకి ఇన్ని లీటర్లని రాసిన ఆ అంకె చూస్తేనే కడుపు నిండిపోయింది.

కొత్తవలసలో రైల్వే గేటు దాటాక ఒక మేస్త్రీ షెడ్డు ఉంది. అరవై ఏళ్ల మనిషి. విశాఖలో కుదరని కార్లు కూడా ఆయన దగ్గరికే వస్తాయి. ఫోనులో పెద్ద పంపు చూపిస్తే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు.

"టీచరమ్మా, ఇది అడ్డేటీ నేకుండా పోసిన లెక్క. గొట్టం సివర ఏలు అడ్డమెట్టి సూడు, ఎంత వస్తాది? నీ ఇంజన్లో గాలి తోసీకొద్దీ పెట్రోలు కూడా ఆ గాలి మీద గెలిసి లోపలికెల్లాల. ఆ ఒత్తిడి మీద ఎంత పోస్తాదో, ఆ లెక్క సూడాల."

"అయితే పెద్దదే మేలు కదా."

"ఇంజను తాగలేనిదంతా ఏటవుతాది? తిరిగి ట్యాంకులోకే వస్తాది. తిరిగి తిరిగి ఏడెక్కిపోతాది. దానికి కరెంటూ ఎక్కువ కావాల, నీ కారు తీగలేటో దారాల్లాగున్నాయి. నీ ఇంజను కొద్దిగ మారినాది. పంపు కూడా కొద్దిగ మారితే సాలు."

ఒత్తిడి పెరిగితే ప్రవాహం తగ్గుతుందని ఏటా క్లాసులో చెప్పేదాన్ని నేను. అదే ముక్క కొత్తవలస షెడ్డులో స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాను. సిగ్గేసింది కానీ కారు పోగొట్టుకోవడం కన్నా అది నయం. నడిమి పంపే తెప్పించాను. దానికి బ్యాటరీ నుంచి విడిగా లావు తీగ లాగడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు.

పంపు వేసే రోజున బావ కూడా వచ్చాడు, అక్కని వెంటబెట్టుకుని. "నా కారుకేటేస్తన్నారో సూసుకోవద్దేటి?" అన్నాడు. మేస్త్రీ వెనక సీటు లేపి, మూత విప్పి, పాత పంపు బయటికి తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ట్యాంకులోకి టార్చి వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పెట్రోలేదమ్మా?"

"అడుగున ఉంది కదా" అన్నాను.

"అడుగునుంటే ఏటి లాభం? పంపు మునిగుంటేనే సల్లగుంటాది. ఇది ఎన్నాళ్ళనుంచో గాలి పీలుస్తా మాడిపోనాది. కొత్తది ఎలాగూ ఎయ్యాల, ఏస్తాను. ఇలగే ఎండబెట్టీవంటే ఇదీ దాని దారే. మనం ఎన్ని లెక్కలు కట్టినా ఏటుపయోగం? అంత సదువుకున్నావు, ట్యాంకు నిండా ఎందుకు పోయించవు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బావ నన్నూ, ట్యాంకునీ, మళ్ళీ నన్నూ చూశాడు.

"నేను తీసుకెల్తానని ఎండగట్టీసినావేటే?"

బావ పగలబడి నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు, తల పక్కకి తిప్పుకుంది. బావ నవ్వు కన్నా అదే నన్ను ఎక్కువ గుచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

పందెం రోజు శృంగవరపుకోట బంకులో "ఫుల్ చేయండి" అన్నాను. ఆ రిజర్వు ఉపాయం పన్నాక ఆ మాట అనడం అదే మొదలు. బావ పక్కసీటులో చెవి ఇంజను వైపు వంచి కూర్చున్నాడు, అక్క వెనక. ఘాటు మొదలైంది. ఒక నిటారు మలుపులో ఎదురుగా బస్సు వచ్చి మమ్మల్ని పూర్తిగా ఆపేసింది. నాకు తెలుసు, అసలు పరీక్ష ఇక్కడే. బస్సు తప్పుకోగానే బలంగా తొక్కాను. ఈల లేచింది. కారు ఎక్కడా తడబడకుండా ఎత్తు ఎక్కేసింది.

"అదిగో, దగ్గు" అన్నాడు బావ.

"అది నువ్వే దగ్గావు బావా."

కొండపైన టీ తాగుతూ ఓటమి ఒప్పుకున్నాడు. "సరేనే. ఈ జన్మలో నీ కారు తాళం నేనడగను" అన్నాడు. అంత సులువుగా ఓడిపోయే మనిషి కాదు. నాకు అనుమానం రావలసింది. గెలిచిన మత్తులో రాలేదు.

తరువాతి ఆదివారం భోజనాలయ్యాయి. బావ చెయ్యి కడుక్కుని బుద్ధిమంతుడిలా కుర్చీలో కూర్చున్నాడు. అక్క నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యి."

"బావ అడగకూడదని పందెం కదా" అన్నాను.

"మీ బావ అడగనేదు. నేనడుగుతన్నాను." సంచీలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు. దాని మీద అక్క ఫోటో. "నీ కారులోనే నేర్సుకున్నాను. రెండు సుట్లు తిరిగీసరికి ఆగిపోయీది. మీ బావ డబ్బా పట్టుకుని బంకుకి నడిసీవోడు. నేను రోడ్డు మీద ఎండలో కూకునీదాన్ని. డ్యూటీకి బస్సుల కోసం నిలబడలేక నేర్సుకున్నానే."

ముందుకి జరిపిన సీటు గుర్తొచ్చింది. అక్క నా భుజం దాకే ఉంటుంది.

"నాకు చెప్తే నేనే నేర్పేదాన్ని కదక్కా."

"అందుకే సెప్పనేదు. నువ్వు పక్కన కూకుంటే నీ కోపానికి నాకు కాళ్ళు వణుకుతాయి."

తాళం ఇచ్చాను. అక్క ఎక్కి, సీటు ముందుకి జరుపుకుని, మొదట ముల్లు చూసుకుంది. నిండుగా ఉంది. బావ పక్కన కూర్చుని నా వైపు చూసి కన్నుకొట్టాడు. గేటు దగ్గర క్లచ్చి ఒక్కసారిగా వదిలేసరికి బండి గెంతి ఆగిపోయింది. అక్క గబుక్కున నా వైపు చూసింది. పాఠమంతా నా నాలుక చివరే ఉంది. పళ్ళు బిగించి, నోరు మూసుకుని నిలబడ్డాను. రెండోసారికి బండి కదిలింది, మలుపు తిరిగాక ఈల కూడా వినిపించింది.

సాయంత్రం కారు తిరిగొచ్చింది. ముల్లు సగానికి దిగిపోయి ఉంది. సోమవారం కాలేజీకి వెళ్తూ దారిలో మళ్ళీ నిండా పోయించాను.