ఉసిళ్ళ వేళ పుట్టిలో వేసిన లైటు

మా చిన్నప్పుడు... తొలకరి వాన వెలిసిన సాయంత్రం డ్యాం దాటాలంటే నాయన ముందు గట్టు మీద లాంతరు వెలిగించేవాడు. దాన్ని తుమ్మకొమ్మకు తగిలించి, అక్కడే వదిలేసి, మమ్మల్ని పుట్టిలో ఎక్కించుకునేవాడు.

నగరి పక్క మా ఊరు. చేనేమో డ్యాం నీళ్ళకు అవతల. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పుట్టే మాకు బస్సూ రైలూ అన్నీ. వాన వెలిస్తే చెదపుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి కదా... రెక్కల పురుగులు... వెలుగు ఎక్కడుంటే అక్కడికి వేలకు వేలు. అవి అవతలి గట్టు మీద లాంతరు చుట్టూ ముసురుకుంటే మేము చీకట్లో ఇవతలికి వచ్చేయాలి. పుట్టిలో మాత్రం దీపం వెలిగించకూడదు. ఎంత అల్లరి చేసినా ఊరుకునే నాయన ఈ ఒక్క విషయంలో చండశాసనుడు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు, అక్కకు పన్నెండు. సంతలో కొన్న కొత్త టార్చిలైటు నా చేతిలో ఉంది. నడి నీళ్ళలోకి వచ్చాక వెనక్కి చూస్తే లాంతరు చుట్టూ పొగలా ఉసిళ్ళు... కోతి బుద్ధి ఊరుకుంటుందా? టార్చి నొక్కేశాను.

నీళ్ళ మీద ఎగిరేవన్నీ మా మీద పడ్డాయి. ముక్కులో, నోట్లో, జడలో... నేను కేకలు పెడుతూ లేచేసరికి పుట్టి గిర్రున తిరిగింది. అక్క నన్ను కిందికి లాగి, తను కప్పుకున్న గోనెసంచి నాకు కప్పి, టార్చి లాక్కుని ఆర్పేసింది.

"ఎవురే లైటేసింది?" అని మాకు వీపు పెట్టి తెడ్డేస్తున్న నాయన అరిచాడు.

"నేనే నాయనా" అంది అక్క.

గట్టు చేరేసరికి అక్క ఎడమ చెవి పట్టుకుని ఏడుస్తోంది. లోపల పురుగు కొట్టుకుంటోందట. ఇంటికి రాగానే అవ్వ నువ్వులనూనె పోసింది. నాయన కంగారుగా చీపురుపుల్ల పెట్టి తీశాడు. పురుగైతే వచ్చింది... తర్వాత చీము పట్టింది. తిరుపతిలో డాక్టరు చూసేనాటికే ఆ చెవి వినికిడి పోయింది.

ఎవరడిగినా నాయనది ఒకటే మాట. "సెప్తే ఇనలేదప్పా, లైటేసింది. సేతులారా సేసుకునింది." అక్క తలొంచుకునేది. నేను గోడకానుకుని వినేదాన్ని. మొదట తన్నులకు భయపడి చెప్పలేదు. తర్వాత సిగ్గుతో చెప్పలేదు. అదే నిజమనుకుంటూ నాయన కన్నుమూశాడు.

మొన్న వాన వెలిసిన సాయంత్రం అక్కా నేనూ అదే డ్యాంలో మోటారు బోటెక్కాం. బోటు నిండా రంగురంగుల లైట్లు... ఒక్క రెక్కల పురుగు రాలేదు. గట్టున చెదపుట్టలన్నీ చదును చేసి ప్లాట్లు వేశారు.

"నాయన ఉండింటేనా... ఈ లైట్లన్నీ ఆర్పించుంటాడు" అని అక్క నవ్వింది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "లైటేసింది నేనని నాయనకు సెప్పకుండానే పంపిస్తినే అక్కా... నన్ను మన్నించు" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "ఏమంటివే? ఇనపళ్ళేదు. ఈ పక్కకొచ్చి సెప్పు."

నేను కూర్చున్నది ఎడమ వైపు. తెలిసే కూర్చున్నానేమో... "ఏం లేదులే అక్కా" అనేశాను.

పుట్టి పోయింది, లాంతరు పోయింది, ఉసిళ్ళూ పోయాయి... ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మీరూ ఇలా దాచుకున్న చిన్నప్పటి తప్పేదైనా ఉంటే ఇక్కడ రాయండి... వద్దులెండి, ముందు చెప్పాల్సిన వాళ్ళకే చెప్పండి. వినపడే వైపు కూర్చుని చెప్పండి.