లైన్లో ఎవరో ఉన్నారు

“తలుపుకు బయట గొళ్లెం పెడితే లోపలికెల్లి ఎట్ల తీయాలె.”

కరెంటు బిల్లు కట్టడానికి కంప్యూటర్ ముందు కూర్చున్న సూర్యకళ బ్రౌజర్ తెరిచి సెర్చ్ పెట్టెలో క్లిక్ చేయగానే ఈ వాక్యం కిందకు దిగింది. పక్కన చిన్న గడియారం గుర్తు ఉంది. అంటే అంతకుముందే ఎవరో అడిగిన ప్రశ్న. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె అడగలేదు. భర్త ఉమాపతిని పిలిచి చూపిస్తే తానూ అడగలేదన్నాడు. నాచారంలోని ఆ ఇంట్లో ఏ తలుపుకూ బయట గొళ్లెం పెట్టే అలవాటు లేదు.

సూర్యకళ రైల్వేలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైంది. స్టేషన్ మాస్టర్లను కంట్రోల్ రూముతో, మౌలాలి షెడ్డును సికింద్రాబాద్ ఆఫీసులతో కలపడం ఆమె ఉద్యోగం. లైన్లో ఎవరూ మాట్లాడకపోయినా అవతల మనిషి ఉన్నదీ లేనిదీ ఆమె చెప్పేస్తుందని తోటివాళ్లు అనేవారు. ఆమె ఆ మాట ఒప్పుకోదు. రిసీవర్ ఎత్తగానే మనిషి వెనక ఉన్న గది వినిపిస్తుందనీ, అందులో మహిమేమీ లేదనీ అంటుంది. ఎవరైనా చెబుతుండగా మధ్యలో మాట కలపదు. పూర్తయ్యాక మాత్రం వరసగా ప్రశ్నలు వేస్తుంది. కాలనీలో కొందరికి ఇది నచ్చదు. గ్యాస్ బుకింగ్ కావలసి వచ్చినప్పుడు వాళ్లే ఆమె గేటు తీస్తారు.

ఆ వాక్యం కింద ఇంకొన్ని ఉన్నాయి. “నీళ్లు తాగుతలేడు ఎందుకు.” “సప్పుడు చేస్తే పక్కింటోళ్లకు వినపడ్తదా.” చివర ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. “ఎవరైనా ఉన్నారా అక్కడ.”

ఉమాపతి అన్నీ చదివాడు. మళ్లీ చదివాడు. తరవాత మెల్లగా, ఇవి అమ్మ మాటల్లాగా ఉన్నాయన్నాడు.

వాళ్లమ్మ పోయింది ఆ గదిలోనే. మంచాన పడి, చాలా కాలం ఓపికగా ఉండి, కిందటి ఏడు పోయింది. ఆమె మంచం తీసిన చోటే కంప్యూటర్ బల్ల వేశారు. చదువు రాని మనిషి. చివరి రోజుల్లో ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి భజనలు కావాలని అడగడం నేర్చుకుంది. మనిషిని పిలిచినట్టే పిలిచేది ఫోన్‌ను. ఇప్పుడు తెర మీద ఉన్నవి టైపు చేసిన మాటలు కావనీ, నోటితో అడిగినవనీ చూడగానే తెలుస్తోంది.

ఉమాపతి భూమి లోపలి కదలికలను నమోదు చేసే యంత్రాల దగ్గర ఉప్పల్ రోడ్డులో ఉద్యోగం చేశాడు. కాగితం మీద గీత వణికితే దానికి ఎక్కడో కారణం ఉంటుందన్న నమ్మకంతోనే రిటైరయ్యే దాకా జీతం తీసుకున్న మనిషి. అలాంటివాడు ఆ రోజు నుంచి భోజనం కాగానే పేపరు పట్టుకొని ఆ గదిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. పేపరు తిప్పిన చప్పుడు మాత్రం వచ్చేది కాదు.

సూర్యకళకు భయం వేయలేదు, చిరాకు వేసింది. లోపల ఎవరో ఇరుక్కుని అడుగుతున్నారు. ఎవరో తెలియడం లేదు. ఆమె లెక్కలో అది తప్పుగా కలిసిన లైను.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షాపున్న పృథ్వీని పిలిపించింది. అతను వచ్చి బ్రౌజర్‌లో ఎప్పుడో దానంతట అది చేరిన డిస్కౌంట్ కూపన్ల సరంజామా తీసేశాడు. అనుమతి లేకుండా మారిన మొదటి పేజీ సరిచేశాడు. వైరస్ పరీక్ష నడిపాడు. చివరగా హిస్టరీ మొత్తం తుడిచేసి, సెర్చ్ పెట్టెలో క్లిక్ చేసి చూపించాడు. ఖాళీగా ఉంది.

“ఇంక రాదు ఆంటీ. వచ్చిందంటే దయ్యమే,” అన్నాడు నవ్వుతూ. ఉమాపతి నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం వీధి మొత్తం నిద్రలో ఉన్న వేళ ఉమాపతి గదిలోంచి పిలిచాడు. ఆ గొంతు విని సూర్యకళ చేతిలో గిన్నె అక్కడే వదిలి వచ్చింది. ఖాళీ పెట్టె కింద కొత్త వాక్యం దిగి ఉంది.

“మనిషి మంచం మీదికెల్లి పడ్డడు లేపొస్తలేదు ఏం చేయాలె.”

ఉమాపతి ఆ గది మూల వైపు చూస్తున్నాడు. వాళ్లమ్మ పడింది ఆ మూలనే.

“అమ్మ ఇంకా ఈడనే ఉన్నది సూర్యా,” అన్నాడు.

“పోయినోళ్లకు గొళ్లెం తీసుకునే పనేముంటదండి?” అంది సూర్యకళ. “ఎవరో బతికున్న మనిషే.”

పృథ్వీకి ఫోన్ చేసింది. తుడిచాక కూడా వచ్చిందంటే లోపం కంప్యూటర్‌లో లేదనీ, అకౌంట్‌లోంచి దిగుతోందనీ అతను చెప్పాడు. ఇదే మెయిల్‌తో ఇంకెవరి ఫోనైనా నడుస్తోందా అని అడిగాడు.

అప్పుడు బయటపడింది ఉమాపతి చేసిన ఏర్పాటు. మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు ఆయన ఒక మెయిల్ తయారుచేశాడు. ఇంటికొక రేషన్ కార్డు ఉన్నట్టే ఇంటికొక మెయిల్ చాలుననుకున్నాడు. గ్యాసుకూ అదే, నీళ్ల బిల్లుకూ అదే. తన ఫోన్‌లో, భార్య ఫోన్‌లో, తల్లి ఫోన్‌లో కూడా అదే.

తల్లి ఫోన్ ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. దినాలు అయ్యాక రెండు చీరలతో కలిపి దుర్గమ్మకు ఇచ్చారు. ముసలామెను ‘పెద్దమ్మ’ అని పిలుస్తూ కడదాకా చూసుకున్నది దుర్గమ్మ. పెద్దమ్మ విన్న భజనలు పోతాయని, ఫోన్‌లో ఏమీ తీసేయొద్దని ఆమే కోరింది. మైకు నొక్కి అడగడం పెద్దమ్మ దగ్గరే నేర్చుకుంది. తరవాత ఆమెను పనికి కుదిర్చే ఏజెన్సీవాళ్లు ఇంకెక్కడికో పంపారు. బోనాలప్పుడు సూర్యకళ ఫోన్ చేస్తే ఆమె నంబరు పనిచేయడం లేదని వచ్చింది.

ఇప్పుడు మళ్లీ చేసింది. అదే జవాబు.

పృథ్వీ ఫోన్‌లో చెబుతూ ఉంటే, పోయిన ఫోన్లు వెతికే పేజీని ఆమె తెరిచింది. మ్యాపు మీద అత్తగారి ఫోన్ ఉప్పల్‌లో, చిలకానగర్ వైపు ఒక సందులో చిన్న వలయంగా కనిపించింది. పక్కన ఫోన్‌ను మోగించే బటన్ ఉంది. సిమ్‌లో డబ్బు లేకపోయినా, అక్కడ వైఫై ఉంటే మోగుతుందని పృథ్వీ అన్నాడు.

సూర్యకళ నొక్కింది.

ఈ గదిలో ఏ చప్పుడూ లేదు. అక్కడ మోగుతోందో లేదో చెప్పే ఆధారం లేదు. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపాగి సెర్చ్ పెట్టెలో క్లిక్ చేస్తే కొత్త ప్రశ్న వచ్చి ఉంది.

“పోన్ దానంతట అది మోగితే ఎవరు జేసినట్టు.”

ఉమాపతి లేచి స్కూటర్ తాళం చెవి వెతికాడు. సూర్యకళ ఇంకోసారి నొక్కి, చెప్పులేసుకుంది.

స్కూటర్ మీద ఉప్పల్ చేరారు. మ్యాపు మీద చిన్నగా కనిపించిన వలయం కింద నిజానికి నాలుగు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఎండకు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సూర్యకళ సందు మధ్యలో నిలబడి తన ఫోన్‌లోంచి అత్తగారి ఫోన్‌ను మోగించింది. మెయిన్ రోడ్డు మీది బస్సుల హోరు తప్ప ఏమీ వినపడలేదు. పక్క బిల్డింగు గేటు దగ్గరకు వెళ్లి మళ్లీ మోగించింది. లేదు. మూడో గేటు దగ్గర హోరు కాస్త తగ్గినప్పుడు, పైన ఎక్కడో సన్నగా మోత. ఉమాపతికి వినపడలేదు. ఆమె చెయ్యెత్తి ఆగమంది.

మోత ఆగిపోయింది. ఆమె మళ్లీ నొక్కింది. మోగగానే ఆగింది. ఇంకోసారి. అంతే.

“ఎవరో ఆపుతున్నరు. మనిషి ఉన్నది,” అంది సూర్యకళ.

వాచ్‌మన్ పోశయ్య మొదట పైకి పోనివ్వలేదు. అడగగా అడగగా, పై అంతస్తులో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉంటాడనీ, చూసుకునే ఆమె లోపలే ఉంటుందనీ, కొడుకూ కోడలూ రెండు రోజుల కిందట పెళ్లికి పోయారనీ చెప్పాడు. గ్రిల్లుకు తాళం వాళ్లే వేసుకుపోతారట. తాళం చెవి అతని దగ్గర లేదు.

“రోజు గట్లనే ఏస్తరమ్మా. ఆమె యాడికన్న పోతదేమోనని,” అన్నాడు, అదేదో మామూలు సంగతే అన్నట్టు.

అతణ్ని వెంటబెట్టుకుని పైకి ఎక్కారు. ఆ అంతస్తులో ఎదురు ఫ్లాటు ఖాళీ. గ్రిల్లుకు పెద్ద తాళం ఉంది. దాని వెనక తలుపుకు బయటి గొళ్లెం. సూర్యకళ గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి తలుపు మీద కొట్టింది. లోపల అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగిపోయింది.

“ఎవరది?”

“నేను దుర్గమ్మా. నాచారం సూర్యకళను.”

 లోపలి నుంచి వచ్చిన గొంతులో ఆనందం లేదు, భయమే ఉంది.

“అమ్మా, నేను నీకు పోన్ జెయ్యలే గదా.”

“చెయ్యలే. అడిగినవ్ గద. వినపడ్డది. సారు ఎట్లున్నడు?”

“పొద్దుగాల పడ్డడమ్మా. మంచానికీ గోడకూ నడుమ ఉన్నడు. ఊపిరైతే ఉన్నది.”

సూర్యకళ అక్కడే నిలబడి అత్యవసర నంబరు నూట పన్నెండుకు ఫోన్ చేసింది. పోశయ్య పెద్దాయన కొడుకుకు చేశాడు. కొడుకు తాను సాయంత్రానికి వస్తాననీ, తాళం ముట్టుకోవద్దనీ అన్నాడు. పోశయ్య ఫోన్ పెట్టేసి కాసేపు తాళం వైపు చూశాడు. కిందికి దిగి గునపం తెచ్చాడు. పోలీసు బండి సందులోకి వచ్చేసరికి తాళం ఊడి మెట్ల మీద పడి ఉంది.

పెద్దాయనను నలుగురు కలిసి బయటికి లాగారు. కళ్లు తెరిచే ఉన్నాయి. అంబులెన్సు ఎక్కించేదాకా ఆయన సూర్యకళ మొహం మీంచి చూపు తిప్పలేదు.

రెండు రోజులుగా దుర్గమ్మ అరిచింది, గిన్నెలు కొట్టింది. వంటింటి కిటికీ గాలి కోసం వదిలిన సందులోకి తెరుచుకుంటుంది. ఆ చప్పుడు అందులోనే తిరిగి ఆగిపోయింది. సిమ్ రీచార్జి అయిపోయి రెండు నెలలు దాటింది. పెద్దమ్మ నంబరు మీద ఉన్న వాట్సాప్ ఎప్పుడో పోయింది. రీచార్జి లేకున్నా నూట పన్నెండు కలుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిగిలింది మైకు గుర్తు ఒక్కటే. అది ప్రతిసారీ ఆడామె గొంతుతో ఏదో జవాబు చెప్పేది, తాళాలు చేసేవాళ్ల అడ్రసులు చూపించేది. చదవడానికి దుర్గమ్మకు రాదు.

సాయంత్రం కొడుకు ఆస్పత్రికి వచ్చాడు. మా ఇంట్లో అడిగిన మాటలు మీరెలా చూశారని సూర్యకళను నిలదీశాడు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పెద్దాయన ఆ వారంలోనే పోయాడు. పోలీసులు ఏదో రాసుకున్నారు. ఏజెన్సీ దుర్గమ్మకు ఇంకో ఇల్లు చూస్తామంది, ఆమె వద్దని నాగారంలో చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయింది.

వెళ్లేముందు రోజు ఆమె నాచారం వచ్చింది. సూర్యకళ గుర్తున్న ప్రశ్నలన్నీ వరసగా చెప్పింది. గొళ్లెం, నీళ్లు, చప్పుడు. అన్నిటికీ దుర్గమ్మ తల ఊపింది. “ఎవరైనా ఉన్నారా అక్కడ” అన్నదానికి ఊపలేదు.

“అది నాది కాదమ్మా.”

స్నానానికి పోయినప్పుడు ఫోన్‌లో భజన పెట్టి పెద్దాయన తలగడ మీద ఉంచేదట. ఆయనకు ఒక చెయ్యి కొద్దిగా ఆడేది. మాట మాత్రం లేదని, రెండేళ్లుగా నోరు విప్పలేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆమె కూడా ఎన్నడూ వినలేదు.

“నా తోటి ఒక్కసారన్న మాట్లాడలే,” అంది దుర్గమ్మ.

ఉమాపతి లేచి ఆ గదిలోకి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ వాక్యం ఇప్పుడు ఈ కంప్యూటర్‌లో లేదు. పృథ్వీ తుడిచినవాటిలో అదీ పోయింది. తుడిచెయ్యమన్నది సూర్యకళే.

ఇతరుల ఫోన్‌లో ఇంటి మెయిల్ ఉండకూడదని, వెంటనే తీసేయమని పృథ్వీ గట్టిగా చెప్పాడు. సూర్యకళ దుర్గమ్మ ఫోన్ తీసుకుని సెట్టింగులు తెరిచింది. దుర్గమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఉండనియ్యమ్మా. దానికి సెప్తే ఎవరికన్న వినపడ్తదని ఎరుకైంది గద.”

సూర్యకళ రీచార్జి చేయించి, నూట పన్నెండు నొక్కడం నేర్పి, ఫోన్ అలాగే తిరిగిచ్చింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె ఆ గదిలోకి వెళ్లి బ్రౌజర్ తెరుస్తుంది. నాగారం నుంచి ప్రశ్నలు దిగి ఉంటాయి. దోమలు పోవాలంటే ఏం పొగ వేయాలి, పిల్లగానికి దగ్గు తగ్గాలంటే ఏం పెట్టాలి. చదివి మూసేస్తుంది. ఉమాపతి ఆ వేళకు ముందుగదిలోనే ఉంటున్నాడు.

కిందటి వారం ఒక రోజు కొత్తగా ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మరునాడూ రాలేదు. సూర్యకళ మ్యాపు తెరిచి, వలయం నాగారంలోనే ఉందని చూసుకుని, మోగించే బటన్ నొక్కింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏమీ రాలేదు.

తరవాత పెట్టె కింద ఒక వాక్యం దిగింది.

“పోన్ మోగింది, అమ్మా నువ్వేనా.”