సీలు వేసిన వాల్యూమ్

డిప్లొమా ముగిసిన ఏడాది జూన్‌లో, తుడియలూరులో పంపుల కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక వర్క్‌షాపులో జూనియర్ టెస్టింగ్ ఇంజనీరుగా చేరాను. ఆ వర్క్‌షాపు తర్వాత మూతపడింది. నేనూ ఆ వృత్తి వదిలేశాను. అక్కడి పద్ధతి ఒకటి మాత్రం చేతిలో మిగిలింది.

ప్యానెల్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మోటారు మోతాదు మించి కరెంటు లాగితే సరఫరా ఆపేస్తుంది. ఎంత దగ్గర ఆపాలో ఒక చిన్న డయల్ తిప్పి సెట్ చేస్తాం. పరీక్ష పూర్తయ్యాక ఆ డయల్ అంచున ఎర్ర రంగు చుక్క పెట్టాలి. ఆరితే డయల్ కదలదు; అదే సీలు. చుక్క పెట్టే అధికారం టెస్టింగ్ వాళ్లది, తీయించే అధికారం సూపర్‌వైజరుది. కొన్ని నెలలకే, ఏది బిగించినా నా చేయి రంగు సీసా కోసం వెతకసాగింది.

మాది మదురై. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తుడియలూరులో నాకు వీధి మాత్రమే ఉండేది. మేడ మీద గదిలో ఒక్కణ్ణే. అమ్మ ఫోన్ చేసినప్పుడు తప్ప తెలుగు మాట్లాడే పని లేదు. సాయంత్రాలు గడవడానికి ఎలక్ట్రిక్ గిటార్ చేయడం మొదలుపెట్టాను. పాత బెంచి పలక కోసి ఒళ్లు చేశాను. మెడ భాగం, తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ పాతవి కొన్నాను.

మిగిలినవి పాట్లు, అంటే పొటెన్షియోమీటర్లు. లోపల కార్బన్ పట్టీ, దాని మీద జారే లోహపు నాలుక, బయటికి మూడు కాళ్లు, నాలుకను తిప్పే ఇరుసు; ఇరుసు కొసకు నాబ్ తొడుగుతాం. గాంధీపురం బజారులో రెండు తెచ్చాను, ఒకటి వాల్యూమ్‌కు, ఒకటి టోన్‌కు. వాల్యూమ్‌కు లాగ్ రకం వాడాలి. సాదా రకం వేస్తే మార్పంతా ఒక కొసలోనే వినిపిస్తుంది. ఎర్త్ తీగను పాట్ వీపుకు సోల్డర్ చేసేముందు ఆ చోటు ఆకురాయితో గీకాలి. లేకపోతే సోల్డర్ పట్టదు; పట్టేదాకా వేడి పెడితే లోపలి పట్టీ చెడుతుంది. ఇవన్నీ సరిగ్గానే చేశాను. చిన్న ఆంప్లిఫయర్‌కు కలిపి, కింది ఇంటివాళ్లకు వినబడనంత తక్కువలో వాల్యూమ్ సెట్ చేశాను. ఆ తర్వాత ఇరుసుల చుట్టూ పాట్లను బిగించే నట్ల మీద ఎర్ర రంగు పెట్టాను. ఎందుకని ఆలోచించలేదు. పని ముగిస్తే రంగు పెట్టాలి, అంతే.

ఆ రోజుల్లోనే వర్క్‌షాపులో కాయిళ్లు చుట్టే మరియ అక్క నేను అమ్మతో ఫోన్‌లో తెలుగు మాట్లాడడం విన్నది. అప్పటిదాకా ఆమె నన్ను సార్ అనేది.

“ఏమి తంబీ, మనవాడివేనా? ఇన్ని దినాలు తమిళంలోనే ఏమార్చినావే.”

గిటార్ సంగతి తెలిశాక వాళ్ల చర్చికి పిలిచింది. కోత పండుగ వస్తోంది, అక్కడ గిటార్ వాయించేది ఆమె మరిది, అతనికి అవినాశిలోని బనియన్ కంపెనీలో ఆదివారం షిఫ్టు పడింది. ముసలివాళ్లు ఆ పండుగకు తెలుగు పాటలే పాడతారట. అది బాగా జరిగితే ప్రతి ఆదివారం నాకు వెళ్లడానికొక చోటు ఉంటుందని లెక్క వేసుకున్నాను. పాటలన్నీ గదిలో సాధన చేశాను. వాల్యూమ్ ముట్టుకునే అవసరం రాలేదు, వినేవాడిని నేనొక్కణ్ణే.

పండుగనాడు అక్క నన్ను ముందు వరసలో నిలబెట్టి, “మా ఫ్యాక్టరీ ఇంజనీరు, మన తంబే,” అని అందరికీ చెప్పింది. పాట ఎత్తుకున్నారు. గిటార్ ఎవరికీ వినబడలేదు. నాబ్ తిప్పాను. తిరిగింది నాబ్ మాత్రమే. రంగు నట్టు సందులోంచి దిగి లోపలి ఇరుసును పట్టేసింది. ఎవరో ఆంప్లిఫయర్ పెంచితే గుయ్యిమనే మోత పెరిగింది, దాన్నే ఆపేశారు. పాట అయ్యేదాకా ఊరికే నిలబడలేక వాయిస్తూనే ఉన్నాను. తీగల పొడి చప్పుడు నాకు వినబడుతూ ఉంది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన, “ఇంజనీరు కదా, కరెంటు మిచ్చం పెట్టినాడు,” అన్నాడు, నేను కరెంటు ఆదా చేశానని. అందరూ నవ్వారు. అక్క నా ఆకులో అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది: “నీ గదికి సరిపోయే సత్తమే, ఆ చిన్న చప్పుడే, పెట్టుకొని వస్తివా తంబీ?”

ఆ వారమే పాట్ మార్చాను. మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆమె మరిది షిఫ్టు మార్చుకుని వచ్చేశాడు. ఆంప్లిఫయర్‌కు గిటార్ పెట్టే చోటు ఒకటే ఉంది. సంచి విప్పకుండా వెనక బెంచీలో కూర్చుని వచ్చేశాను. తర్వాత వెళ్లలేదు.

సీలు కదలకూడని వాటికి వేసేది. మనిషి చేత్తో తిప్పుకోవలసిన దానికి వేయకూడదు. ఏ పరికరాన్నయినా మనం పరీక్షించిన చోట కాదు, వాడబోయే చోట ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూడాలి.