మా ఇల్లు ఖాళీ చేయించిన ఆయమ్మ

మా వెనక వాటాలో బాడుగకున్న ఆయమ్మ పోయింది. కబురు చెప్పింది ఆమె కూతురు, ఆసుపత్రి బయట ఉన్న ఫోను బూత్ నుంచి. "మామా, అమ్మ పోయింది" అని ఏడ్చింది. నేను ఏదో అనేలోపలే ఏడుపు ఆపుకుని, "ఇంటికి తీసుకురావచ్చునా మామా?" అని అడిగింది.

తల్లి పోయిన ఆడపిల్ల నిండుగా ఏడవడానికి కూడా ముందు ఇంటి ఓనరును అడగాల్సి వచ్చింది చూడండి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. "మాటిచ్చినాను గదమ్మా, మళ్ళా అడుగుతావేమి? తీసుకురా" అని కసిరినట్టే అని పెట్టేశాను. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. ఆ సంగతి ఆయమ్మకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కడపలో శనక్కాయల వ్యాపారం చేసి మూడు వాటాల మిద్దె కట్టాను. ముందు వాటాలో నేనూ మా ఇంటామె ఉంటాం. వెనక ఒకటి, పైన ఒకటి బాడుగకిస్తాం. బాడుగలొస్తే కూర్చుని తినవచ్చు అనుకుంటారు జనం. కూర్చోనిచ్చేదెవరు? మోటరు వేస్తే ఎందుకు వేశావంటారు, ఆపితే ఎందుకు ఆపావంటారు. తూములో వెంట్రుకలు వాళ్లవి, చెయ్యి పెట్టి తీసేది నేను. నిన్న సున్నం కొట్టించిన గోడకు ఈరోజు దేవుని పటానికని మేకు దిగుతుంది. ఇద్దరమే ఉంటామని చేరతారు. వారం తిరిగేసరికి దండెం మీద ఆరేసిన గుడ్డలు చూస్తే పెండ్లివారి విడిదిలా ఉంటుంది.

ఇవి చాలవన్నట్టు ఆయమ్మ చేరింది. బద్వేలు నుంచి వచ్చింది. మొగుడు బస్సు డ్రైవరుగా చేసి పోయాడు, పింఛను వస్తుంది, కూతుర్ని నందికొట్కూరులో ఇచ్చింది. ఒంటి మనిషి, నీళ్ల ఖర్చు తక్కువ అని సంతోషపడి తాళంచెవి ఇచ్చాను. నీళ్ల ఖర్చు తక్కువే. నోటి ఖర్చే ఎక్కువ.

పై వాటా ఖాళీ అయిందని గేటుకు బోర్డు కట్టాను. ఇల్లు చూడవచ్చినవాళ్లు నన్ను ఏమీ అడగరు. ఓనరు నిజం చెప్పడని వాళ్ల నమ్మకం. నేరుగా వెనక్కి పోయి ఆయమ్మను అడుగుతారు. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

"ఎండాకాలం పైన ఎట్లుంటాదమ్మా?"

"పొయ్యి లేకుండానే రొట్టె కాల్చుకోవచ్చు."

"నీళ్లు?"

"ఉప్పు నీళ్లు. పప్పు ఉడకదు. అయితే కొరత లేదు."

"ఓనరు ఎట్లాంటోడు?"

"నోరు మంచిది కాదు. మనిషి పర్వాలేదు. ఆ నోటికి జడిసి ఈ వీధికి దొంగలు గూడా రారు."

వాళ్లు నవ్వుకుంటూ పోయారు. మళ్లీ రాలేదు. నేను వెనక్కి పోయి అరిచాను. "ఏమమ్మా, నువ్వు నా ఇంట్లో బాడుగకుండావా, నా మీద కాపలాకుండావా?"

ఆయమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది: "అబద్ధం ఏమన్నా చెప్పినానా అన్నా? తెలీక చేరినోళ్లు నెలకే పోతారు. మళ్ళా సున్నం నువ్వే కొట్టించుకోవల్ల. తెలిసి చేరినోళ్లు నిలబడతారు."

ఆ ఎండాకాలమంతా పై వాటా ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఒక లెక్చరర్ భార్యతో వచ్చాడు. మా ఇంటి రోగాలన్నీ ఆయమ్మ నోట విని కూడా చేరాడు. చేరి ఏండ్ల తరబడి ఉన్నాడు. ఆయమ్మ మాట నిజమైందని ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది.

లెక్చరర్ భార్యకూ నాకూ మోటరు దగ్గర రోజూ గొడవే. ఆ పిల్లకు ఆయమ్మ చెప్పిన కిటుకు చూడండి: "ఆయప్పతో కొట్లాడేటప్పుడు మెల్లగా మాట్లాడు తల్లీ. ఎదుటోళ్లు అరవకపోతే ఏం చేయల్నో తెలీక మోటరేస్తాడు." అది నా మీద పనిచేసింది కూడా. ఎట్లా కనిపెట్టిందో ఏమో.

వానలు లేక బోరు ఎండిపోయిన ఏడు నేను గేటు దగ్గరికి పోవడమే మానుకున్నాను. నీళ్లేవని అడుగుతారని. ఆయమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా పంచలోకే వచ్చి, "దాంకుంటావెందుకన్నా? ఎండింది బోరు, నువ్వు కాదు. ట్యాంకరు పిలువు" అంది. నన్ను తిట్టినట్టూ ఉంది, నిలబెట్టినట్టూ ఉంది.

పోయిన చలికాలం ఆయమ్మకు కడుపులో గడ్డ అన్నారు. కోయడానికి లేదన్నారు. ఒక సాయంత్రం గోడ పట్టుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఒకటడుగుతా. నేను పోతే నన్ను ఈ ఇంట్లో పెట్టనిస్తావా, లేదా?"

చాలామంది ఓనర్లు పెట్టనివ్వరు. బాడుగకున్నవాళ్ల శవం గడప దాటి వస్తే ఇంటికి కీడని, ఆ తర్వాత ఎవరూ చేరరని భయం. ఆ భయం నాకు లేదని కోతలు కొయ్యను.

"ఇప్పుడా మాటలెందుకమ్మా? కూతురింటికి పో, బాగా చూసుకుంటారు" అన్నాను.

"వాళ్లదీ బాడుగిల్లే. ఆ ఓనరు ముందే వద్దన్నాడు." మళ్లీ తనే అంది: "మా ఆయప్పను బద్వేల్లో ఇంట్లోకి రానీలేదన్నా. రోడ్డు పక్కన బెంచీ మీద పెట్టుకున్నాం. లారీ వచ్చి హారను కొట్టింది, జరపమని. జరిపినాం."

నేను లేవబోయాను.

"ఔనో కాదో ఇప్పుడే చెప్పు. కాదంటే ఇంకో ఇల్లు చూసుకుంటా."

"ఔను పో, పెట్టుకో" అన్నాను.

ఆమె పోయాక మా ఇంటామె లోపలి నుంచి వచ్చింది. "మాటిచ్చే ముందు నన్నొక మాట అడగల్లని లేదా?"

"అడిగితే ఏమంటావు?"

"ఔననే అంటా. అయినా అడగల్ల గదా."

అంతటితో అయిపోలేదు. మరుసటి రోజు లెక్చరర్ దిగి వచ్చాడు. "పెద్దాయనా, ఆమె చెప్పింది నిజమేనా? మా పాప చిన్నది, జడుసుకుంటుంది" అన్నాడు. తన చావు సంగతి, నేనిచ్చిన మాట సంగతి ఆయమ్మే పైకి పోయి చెప్పి వచ్చింది, మెట్లెక్కడానికి ఓపిక లేకపోయినా. నెల తిరక్కుండా వాళ్లు ఖాళీ చేశారు. నాకు ఒళ్లు మండింది.

"పోయేలోపల నా ఇల్లంతా ఖాళీ చేయిస్తావా? వాళ్లకు చెప్పమని నిన్నెవరడిగినారు?"

"నేను పోయినంక తెలిస్తే నిన్ను తిట్టుకుంటా పోదురు. ఇప్పుడు నన్ను తిట్టుకుంటా పోయినారు. నీకేం నష్టం?"

నేను పోయి గేటుకు బోర్డు మళ్లీ కట్టుకున్నాను.

చివరికి వ్యాను వచ్చింది. ఆమె తరపువాళ్లు దిగి గేటు బయటే నిలబడ్డారు. "ఓనర్ని అడిగినారా?" అని ఎవరో గుసగుసలాడారు. "ఓనర్ని నేనే. ఎత్తండప్పా" అన్నాను.

అప్పుడు వచ్చింది చిక్కు. వెనక వాటాకు పోయే సందు ఇరుకు. మలుపు దగ్గర స్ట్రెచరు తిరగలేదు. పైకెత్తి చూశారు, పక్కకు వాల్చబోయారు. "వద్దులే పెద్దాయనా, గేటు బయటే పెట్టుకుంటాం" అన్నాడు అల్లుడు.

గేటు బయటంటే రోడ్డు. నా చెవుల్లో లారీ హారను మోగినట్టయింది. మా తలవాకిలి రెండు రెక్కలూ తెరిచాను. మా హాల్లోంచి, వంటింట్లోంచి పోతే వెనక తలుపు వస్తుంది. మా ఇంటామె ఏమంటుందోనని చూశాను. ఆమె అప్పటికే కుర్చీలు జరిపి, పొయ్యి ఆర్పి పక్కకు నిలబడింది. "నిదానం నాయనా, ఆయమ్మ తలకు తలుపు తగలనీయొద్దండి" అంది.

కర్మ అయిందాకా ఆయమ్మ తల పెట్టిన చోట కూతురు దీపం పెట్టింది. ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని పురోహితుడు చెప్పినందున ఆ వాటాకు కొన్నాళ్లు తాళం వేశాం. మొన్న తీశాను. లోపల అంతా దుమ్ము. ప్రమిద ఉన్న చోట బండలోకి నూనె ఇంకి గుండ్రంగా మచ్చ పడింది. ఆసిడ్ పోస్తే పోతుందన్నాడు సున్నం కొట్టే అతను. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. నా ఇల్లు, నా ఇష్టం అన్నాను.

ఇల్లు చూడవచ్చినవాళ్లకు వాళ్లు అడగకముందే చెబుతున్నాను, ఇక్కడ ఒకామెను పెట్టామని. కొందరు గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పోతారు. నిన్న ఒక మొగుడూ పెండ్లాం మాత్రం విని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. మళ్లీ చెబుతామని వెళ్లారు. తలుపు వేయబోతూ నేల వైపు చూశాను. ఇద్దరి అడుగులూ దుమ్ములో పక్కపక్కనే గుమ్మం నుంచి పోయి, ఆ మచ్చ దగ్గర విడిపోయాయి. ఒకరివి ఇటు, ఒకరివి అటు. దాన్ని దాటాక మళ్లీ పక్కపక్కకు వచ్చి వంటింట్లోకి పోయాయి.